నాన్నది వరిబీజం ఆపరేషన్ కాదు

పోయినేడు సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు బాబాయి అరుగు మీద కూర్చుని తేగలు ఒలుస్తున్నాడు. తెనాలి పక్కన పల్లెటూరు మాది. డెబ్భై ఆరేళ్ళ మనిషి, ఇప్పటికీ తేగని నిలువునా చీల్చి మధ్యలో చందమామని విరగకుండా తీసి పిల్లల చేతిలో పెడతాడు. పండగ హడావిడి కాస్త సద్దుమణిగాక పక్కన కూర్చున్నాను. నాకు అడగాల్సింది ఒకటుంది.

"బాబాయ్, తొంభై తొమ్మిదిలో నాన్నకి వరిబీజం ఆపరేషన్ చేశారు కదా. అప్పుడు డాక్టర్లు ఇంకేమన్నా చెప్పారా?"

చేతిలో తేగ ఆగింది. "వరిబీజం అని నీకెవరు చెప్పార్రా?"

"మీరే. అందరూ. ఫోన్లో."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తొక్కలన్నీ ఒక పక్కకి నెట్టాడు. "అది వరిబీజం కాదబ్బాయ్. క్యాన్సరు. రెండూ తీసేశారు" అన్నాడు.

లోపల వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అమ్మ విన్నదన్నమాట. బయటికి మాత్రం రాలేదు.

నేను 1998లో అమెరికా వచ్చాను. వైటూకే కంప్యూటర్ పనుల పుణ్యమా అని మా బ్యాచ్ మొత్తం అలా వచ్చినవాళ్ళమే. ఆ మరుసటి ఏడు ఒక ఆదివారం, కాలింగ్ కార్డు గీకి, ఆ బారెడు నంబరు కొట్టి ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ చెప్పింది: "నాన్నకి చిన్న ఆపరేషన్రా. వరిబీజం. ఇంటికొచ్చేశారు కూడా. నువ్వు టెన్షన్ పడతావని ముందు చెప్పలేదు." మా డెల్టా పల్లెల్లో వరిబీజం అంటే ఎవరూ రెండో ప్రశ్న వేయరు. దోమలున్న చోట బోదకాలూ ఉంటుంది, వరిబీజమూ ఉంటుంది. నేనూ వేయలేదు. ఆ తర్వాత రెండేళ్ళు వారం వారం అందిన కబురు ఒకటే, నాన్నకి నడుం నొప్పి. నడుం పట్టేసింది, బెల్టు పెట్టుకున్నారు, నూనె రాస్తున్నాం. 2002లో, అరవై నాలుగేళ్ళకి పోయారు. నేను వెళ్ళేసరికి మూడో రోజు. కిడ్నీలు ఫెయిలయ్యాయని చెప్పారు. అదీ అబద్ధమేం కాదు. ప్రోస్టేట్ క్యాన్సర్ ముదిరి మూత్రం దారి మూసేస్తే చివరికి దెబ్బతినేది కిడ్నీలే. నిజంలో నాకు తట్టుకునేంత ముక్క కోసి ఇచ్చారు.

ఈ సొద పత్రికలో ఎందుకంటే, ఇది మా ఇంటి సంగతి ఒక్కటే అయ్యుంటే నేను రాసేవాణ్ణి కాదు.

ఇక్కడ ఏ డాక్టర్ దగ్గరికి మొదటిసారి వెళ్ళినా ఒక ఫారం ఇస్తారు. అందులో ఫ్యామిలీ హిస్టరీ అని ఒక గళ్ళ పట్టిక. షుగరు, బీపీ, గుండెపోటు, క్యాన్సరు. తండ్రి, తల్లి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. ఇరవై ఏళ్ళకి పైగా నేను క్యాన్సర్ వరసలో "లేదు" అనే గడినే టిక్కు పెడుతూ వచ్చాను, ఎంతో ధీమాగా. 2013లో నాకు నలభై అయిదు నిండాయి. ఏటా జరిగే చెకప్‌లో ప్రోస్టేట్ క్యాన్సర్ కోసం చేసే రక్తపరీక్ష గురించి "పీఎస్ఏ చేయించాలా?" అని మా డాక్టర్ని అడిగిన గుర్తు. అక్కర్లేదన్నారు. ఆయన తప్పేం లేదు. అంతకుముందు ఏడాదే, 2012లో, అమెరికా ప్రభుత్వానికి ఇలాంటి పరీక్షల మీద సలహాలిచ్చే నిపుణుల బృందం ఈ రక్తపరీక్షని ఏ వయసు మగవాళ్ళకీ మామూలుగా చేయొద్దని చెప్పింది. నా ఫారంలో తండ్రి గడి ఖాళీగా ఉంది. ఆయన ఇంకేం చెబుతారు?

అమెరికన్ క్యాన్సర్ సొసైటీ మాట కొంచెం వేరు. మామూలు మగవాళ్ళు యాభైకి ఈ పరీక్ష గురించి డాక్టర్‌తో మాట్లాడాలి. తండ్రికో అన్నదమ్ములకో అరవై అయిదు లోపు ఈ జబ్బు వచ్చి ఉంటే నలభై అయిదుకే మాట్లాడాలి. నల్లజాతివారికీ అంతే, నలభై అయిదు. దగ్గరి రక్తసంబంధంలో ఒకరికి మించి చిన్నవయసులో వచ్చి ఉంటే నలభైకే. మా నాన్నకి బయటపడింది అరవై ఒకటికి. అంటే నేను డాక్టర్ ముందు కూర్చుని ఆ ప్రశ్న అడిగిన రోజున నా దగ్గర సరైన సమాధానం ఉంటే, ఆ సంభాషణ ఇంకోలా నడిచేది. తండ్రికో సోదరుడికో ఉన్నవాళ్ళకి రిస్కు మిగతావాళ్ళకంటే రెట్టింపు పైమాటే. నాకు మొదటిసారి పీఎస్ఏ చేసింది 2024లో, యాభై ఆరేళ్ళకి. మధ్యలో పదకొండేళ్ళు. అవి కాజేసింది జబ్బు కాదు, వరిబీజం అనే నాలుగక్షరాల మాట.

జబ్బు సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే మనవాళ్ళలో ఎక్కువమంది అనే మాట "నాకేం ఇబ్బంది లేదండీ" అని. ప్రోస్టేట్ అనేది మూత్రాశయం కింద, మూత్రం వచ్చే గొట్టం చుట్టూ ఉండే చిన్న గ్రంథి, అక్రోటు కాయంత. వయసుతోపాటు చాలామందికి అది ఉబ్బుతుంది. గొట్టానికి దగ్గరున్న లోపలి భాగం ఉబ్బుతుంది కాబట్టి దారి నొక్కుకుపోయి, రాత్రి నాలుగుసార్లు లేవడం, ధార సన్నబడటం, ఎంతసేపు నిలబడ్డా పూర్తిగా రాకపోవడం ఇవన్నీ మొదలవుతాయి. ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారేదీ కాదు. క్యాన్సర్ చాలావరకు పుట్టేది గ్రంథి బయటి అంచులో, గొట్టానికి దూరంగా. అందుకే అది మొదట్లో చప్పుడు చేయదు. ఇబ్బంది మొదలయ్యేసరికి చాలాసార్లు అది గ్రంథి దాటేసి ఉంటుంది, ఎముకల్లోకి పాకి ఉంటుంది. నడుము, తుంటి, పక్కటెముకలు. బ్రిటన్ సైకిల్ చాంపియన్ క్రిస్ హోయ్, ఆరు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన మనిషి, భుజం నొప్పి అని వెళ్తే అక్కడ కణితి కనిపించింది. వెతికితే మూలం ప్రోస్టేట్‌లో ఉంది. నలభై ఏడేళ్ళ వయసు. ఆయన తండ్రికీ తాతకీ కూడా ఈ జబ్బే వచ్చింది.

మా నాన్న నడుముకి మేం రెండేళ్ళు నూనె రాశాం.

రెండు వృషణాలూ తీసేయడం అంటే వినడానికి ఘోరంగా ఉంటుంది. బాబాయి నోట విన్నప్పుడు నాకూ కాళ్ళు చల్లబడ్డాయి. తర్వాత చదివి తెలుసుకున్నది ఏంటంటే, ఆ పరిస్థితిలో అది మంచి వైద్యమే. ఈ క్యాన్సర్‌కి తిండి టెస్టోస్టెరాన్, వృషణాల్లో తయారయ్యే మగ హార్మోను. అది ఆపేస్తే క్యాన్సర్ ముడుచుకుంటుందని చార్లెస్ హగిన్స్ 1941లోనే చూపించాడు, దానికే 1966లో నోబెల్ వచ్చింది. ఇప్పుడు అదే పనికి ఇంజెక్షన్లు, మాత్రలు ఉన్నాయి. అప్పట్లో ఒక కౌలు రైతు నెలనెలా ఇంజెక్షన్లు ఎక్కడ కొనగలడు? ఆపరేషన్ అయితే ఒక్కసారి ఖర్చు. ఆ ఆపరేషనే ఆయనకి మూడేళ్ళకి దగ్గరగా ఇచ్చింది. డాక్టర్లు చేయాల్సింది చేశారు. దాచాలని మాత్రం నాన్నకి అనిపించింది. బాబాయి చేత ఒట్టు వేయించుకున్నాడట.

ఎందుకు దాచాడో నాకు అర్థమవుతుంది. మన పేపర్లలో ప్రోస్టేట్‌కి ఏం పేరు పెట్టారో చూడండి, పౌరుష గ్రంథి. పేరులోనే పౌరుషం పెట్టేశాక దానికి జబ్బొచ్చిందని ఏ మగాడు నోరు తెరిచి చెబుతాడు? లివరు చెడిందని చెప్పుకుంటాం, గుండెకి స్టెంట్లు వేశారంటే ఎన్ని వేశారో లెక్క చెప్పుకుంటాం, పెళ్ళిలో బంతి కూర్చున్న చోట షుగరు నంబర్లు పోల్చుకుంటాం. నడుం కిందికి వచ్చేసరికి అందరికీ వరిబీజమే.

ఈ మౌనం మనకొక్కళ్ళకే ఉందనుకుంటే పొరపాటు. ఈ దేశానికి అప్పట్లో రక్షణ మంత్రి, సైన్యంలో నాలుగు నక్షత్రాల జనరల్‌గా రిటైరైన లాయిడ్ ఆస్టిన్ సంగతి గుర్తుందా? 2023 డిసెంబర్ 22న ప్రోస్టేట్ క్యాన్సర్‌కి ఆపరేషన్ చేయించుకున్నారు. జనవరి 1న ఇన్‌ఫెక్షన్‌తో మళ్ళీ ఆస్పత్రిలో పడ్డారు. ఆస్పత్రిలో ఉన్నట్టు వైట్‌హౌస్‌కి తెలిసింది 4న. జబ్బు క్యాన్సరని ప్రెసిడెంటుకి తెలిసింది 9న. ఫిబ్రవరిలో విలేకరుల ముందు నిలబడి, నేను చెప్పాల్సింది, చెప్పలేదు, క్షమించండి అన్నారాయన. ప్రపంచంలో అతి పెద్ద సైన్యాల్లో ఒకదాన్ని నడిపే మనిషికే తన పై అధికారికి ఆ ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదు. కౌలు రైతు మీద నేను కోపం తెచ్చుకోవడం ఏం న్యాయం?

అయితే మనకి, అంటే బయటి దేశాల్లో ఉన్నవాళ్ళకి, ఇంకో తెర కూడా ఉంది. ఇంట్లో ఉన్న కొడుక్కి తండ్రి చెప్పకపోయినా మందుల చీటీ కనిపిస్తుంది, ఏ వార్డులో ఉన్నాడో చూస్తాడు, కాంపౌండరు ఒక మాట జారతాడు. మనకి అన్నీ ఫోన్లో వడకట్టి వస్తాయి. నువ్వు టెన్షన్ పడతావని, లీవు దొరకదని, టిక్కెట్టు ఖర్చని, ఇక్కడికొచ్చి నువ్వు మాత్రం ఏం చేస్తావని. మనల్ని ప్రేమతోనే దూరం పెడతారు. ఆ ప్రేమ ఖరీదు పాతికేళ్ళ తర్వాత ఒక ఫారంలో ఖాళీ గడిగా తేలుతుంది. నా తరంలో ఇలా వచ్చిన మగవాళ్ళకి ఇప్పుడు యాభై, అరవై. సరిగ్గా ఆ గడి పనికొచ్చే వయసు.

"ఇండియాలో ఈ జబ్బు తక్కువే కదా" అనే మాటా వింటుంటాను. నిజమే, లెక్కల్లో అక్కడ తక్కువ. అమెరికాలో ప్రతి ఎనిమిది మంది మగవాళ్ళలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది ఉందని తేలుతుంది. అయితే అక్కడ వెతకడమూ తక్కువే. ఇండియా ప్రభుత్వం ఊరూరా చేసే క్యాన్సర్ పరీక్షల్లో ఉన్నవి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. పైగా జపాన్ నుంచి అమెరికా వచ్చి స్థిరపడ్డవాళ్ళని చూస్తే, స్వదేశంలో ఉన్నవాళ్ళకంటే వీళ్ళలో ఈ జబ్బు ఎక్కువగా కనిపించిందని ఎప్పుడో తేల్చారు. మనతోపాటు మన ఊరి లెక్కలు విమానం ఎక్కి రావు.

ఇక ఇక్కడి మన తెలుగు సంఘం సంగతి. అక్టోబర్‌లో రొమ్ము క్యాన్సర్ గురించి చెప్పడానికి గులాబీ రంగు చీరల నడక పెడతాం. చాలా బాగా జరుగుతుంది. బ్యానర్ ఒక కొస నేనే పట్టుకున్నాను, మూడేళ్ళుగా. ఆడవాళ్ళు ఒకరి మామోగ్రామ్ తేదీ ఒకరు గుర్తుచేసుకుంటారు. నవంబర్‌లో మగవాళ్ళ కోసం ఏమన్నా చేద్దామని ఒక కుర్రాడు మువెంబర్ ఆలోచన తెచ్చాడు. 2003లో మెల్‌బోర్న్‌లో మొదలైన సంగతి అది. నెలంతా మీసం పెంచి, ఎందుకు పెంచావని ఎవరన్నా అడిగితే మగవాళ్ళ ఆరోగ్యం గురించి మాట కలపాలి. కమిటీలో పద్నాలుగు మందిమి ఉన్నాం, పదకొండు మందికి ఆల్రెడీ మీసాలున్నాయి. తెలుగు మగాడు మీసం పెంచితే ఎందుకు పెంచావని ఎవడడుగుతాడు?

నవ్వుకున్నాం, ఆ టాపిక్ అక్కడే పోయింది. దాని బదులు దీపావళి హెల్త్ క్యాంపులో నలభై దాటిన మగవాళ్ళందరికీ ఉచితంగా పీఎస్ఏ చేద్దామని తీర్మానం. నేను ఒప్పుకోలేదు. ఇదేంటి, నీకే ఆ జబ్బు పెట్టుకుని నువ్వే వద్దంటావా అని కొందరు చిన్నబుచ్చుకున్నారు. అందుకే ఈ వ్యాసం.

క్యాంపులో ఏం జరుగుతుందో మనకి తెలుసు. భార్య క్యూలో నిలబడి భర్త ఫారం కూడా తనే నింపుతుంది. ఆయన కాఫీ డ్రమ్ము దగ్గర రియల్ ఎస్టేట్ మాట్లాడుతుంటాడు. పిలిస్తే వచ్చి చొక్కా చెయ్యి మడిచి రక్తం ఇచ్చి వెళ్ళిపోతాడు. రెండు వారాలకి ఈమెయిల్లో ఒక అంకె వస్తుంది. నాలుగు దాటితే ఎర్ర రంగు. ఆ అంకెకి అర్థం చెప్పేవాళ్ళు ఎవరూ పక్కన ఉండరు. గ్రంథి మామూలుగా ఉబ్బినా పెరుగుతుందది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది. ముందు రోజు సైకిల్ తొక్కినా, భార్యతో కలిసినా కొంచెం పెరగొచ్చు. తగ్గించేవీ ఉన్నాయి. బట్టతల రాకుండా ఎవరికీ చెప్పకుండా వేసుకునే ఫినాస్టరైడ్ మాత్ర ఆ అంకెని దాదాపు సగానికి దించేస్తుంది, లోపల ఏమున్నా సరే. జుట్టు సంగతి డాక్టర్‌కి చెప్పడానికి సిగ్గుపడేవాడు ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

రెండేళ్ళ కింద మా మామగారు వచ్చారు, విజిటర్ వీసా మీద ఆరు నెలలకి. డెబ్భై ఎనిమిదేళ్ళు. ఇంకో ఊళ్ళో జరిగిన క్యాంపులో సరదాగా ఆయన చేత కూడా చేయించారు. ఏడు పాయింట్ రెండు వచ్చింది. ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. విజిటర్ ఇన్సూరెన్స్ వాళ్ళు ఇది పాత జబ్బు కిందికి వస్తుందేమో చూడాలన్నారు. మా ఆవిడ రోజూ రాత్రి గూగుల్ చదివి ఏడ్చేది. ఆయనేమో నన్ను ఇంటికి పంపించేయండి, అక్కడే పోతాను అని. చివరికి విజయవాడ వెళ్ళాక అక్కడి డాక్టరు నిదానంగా చూసి, ఈ వయసుకి ఈ గ్రంథి సైజుకి ఆ నంబరు మామూలే, ఇంక దీన్ని కొలవడం మానేయండి అన్నారు. ఇప్పుడాయనకి ఎనభై, పొలానికి వెళ్ళొస్తున్నారు. డెబ్భై దాటినవాళ్ళకి మామూలుగా ఈ పరీక్ష వద్దనే ఇక్కడి నిపుణుల బృందం 2018లోనూ చెప్పింది. యాభై అయిదు నుంచి అరవై తొమ్మిది మధ్య ఉన్నవాళ్ళకి మాత్రం పాత మాట మార్చి, డాక్టర్‌తో కూర్చుని లాభనష్టాలు మాట్లాడుకుని ఎవరికి వాళ్ళు నిర్ణయించుకోమంది. ఆ డెబ్భై అనే గీత కూడా రాతి మీద గీత కాదు. మాజీ ప్రెసిడెంట్ బైడెన్‌కి 2025 మేలో బయటపడేసరికి ఎముకల్లోకి పాకింది. ఆఖరి పీఎస్ఏ 2014లో అని ఆయన ప్రతినిధి చెప్పారు.

మరి ఈ పరీక్ష మంచిదా, చెడ్డదా? యూరప్‌లో ఎనిమిది దేశాల్లో లక్షా అరవై వేల మందికి పైగా మగవాళ్ళని 23 ఏళ్ళు వెంబడించి చూశారు. పరీక్షకి పిలిచినవాళ్ళలో ఈ జబ్బుతో చావులు 13 శాతం తగ్గాయి. చిన్న సంగతి కాదది. మరోవైపు, ఎప్పటికీ హాని చేయని క్యాన్సర్లు కూడా బోలెడు బయటపడ్డాయి. అలాంటివాటికి కంగారుపడి ఆపరేషన్ చేయించుకుంటే మూత్రం ఆపుకోలేకపోవడం, అంగస్తంభన పోవడం లాంటివి మిగలొచ్చు. చాలామంది నోరు మూయించేది ఈ చివరి రెండే. ఇప్పుడు మాత్రం దారి బాగుపడింది. అంకె ఎక్కువ వస్తే మళ్ళీ ఇంకోసారి చూస్తారు, ఎంఆర్ఐ తీస్తారు, అనుమానం ఉంటేనే బయాప్సీ. బయాప్సీలో తక్కువ రకం అని తేలితే కత్తి పెట్టకుండా కనిపెట్టుకుని ఉంటారు. బ్రిటన్‌లో క్యాన్సర్ ఇంకా గ్రంథి దాటని 1,643 మందిని మూడు వాటాలు వేశారు. ఒకరికి ఆపరేషన్, ఒకరికి రేడియేషన్, ఒకరిని కేవలం గమనిస్తూ ఉండటం. 2023లో పదిహేనేళ్ళ లెక్క వచ్చింది. ఏ వాటాలో చూసినా ఈ జబ్బుతో పోయినవాళ్ళు నూటికి ఇద్దరు ముగ్గురు, అంతే.

ఆ మూడో వాటాలోని మనిషిలాంటివాణ్ణే నేనిప్పుడు. నా పీఎస్ఏ మొదట అయిదు పాయింట్ తొమ్మిది, ఆరు వారాల తర్వాత ఆరు పాయింట్ ఒకటి. ఎంఆర్ఐలో ఒక మచ్చ. బయాప్సీలో గ్లీసన్ ఆరు, అంటే ఉన్నవాటిలో నెమ్మదైనది. ఆరు నెలలకోసారి రక్తం, అప్పుడప్పుడు ఎంఆర్ఐ. ఈ నెమ్మదైనదాన్ని క్యాన్సర్ అని పిలవడం మానేద్దామా అని డాక్టర్లలోనే వాదన నడుస్తోంది. మానేస్తే నాకు హాయే. అదృష్టం బాగుండి నాది ఆలస్యంగా దొరికినా చిన్నగా దొరికింది. నాన్నకి ఈ రెండోది లేకపోయింది. అన్నట్టు, బయాప్సీ తర్వాత నాకు వచ్చిన సలహాల్లో సగం విటమిన్ ఈ వేసుకోమని. ముప్పై అయిదు వేల మందితో అమెరికా, కెనడాల్లో చేసిన పరీక్షలో విటమిన్ ఈ మాత్రలు వేసుకున్నవాళ్ళకి ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ వచ్చింది. కాస్ట్‌కోలో ఆ పెద్ద డబ్బా కొన్నవాళ్ళు ఓసారి డాక్టర్‌ని అడగండి.

డబ్బివ్వడంలో, ఆస్పత్రులు కట్టడంలో మనవాళ్ళు ఎప్పుడూ వెనకపడలేదు. హైదరాబాద్‌లో బసవతారకం ఆస్పత్రి పేరులో "ఇండో-అమెరికన్" అని ఉన్నది ఊరికే కాదు, ఇక్కడి డాక్టర్ల చేయి అందులో ఉంది. రోబో చేత్తో ప్రోస్టేట్ తీసే ఆపరేషన్‌ని ప్రపంచానికి అలవాటు చేసిన చోట్లలో డెట్రాయిట్ హెన్రీ ఫోర్డ్ ఆస్పత్రి ముఖ్యమైనది. మణి మీనన్ అనే మలయాళీ డాక్టరు నడిపించిన ఆ విభాగం పేరు వట్టికూటి ఇన్‌స్టిట్యూట్, మన తెలుగు దాత పేరు. అంత చేసినవాళ్ళం, తండ్రికి ఏ జబ్బుందో అడగలేకపోతున్నాం.

కాబట్టి కమిటీకి నేను చెప్పేది ఇది. క్యాంపులో సూది పక్కన పెట్టి, రెండు కుర్చీలు వేయండి. ఒకదాంట్లో మన యూరాలజిస్టుల్లో ఒకరిని కూర్చోబెట్టండి. రెండో కుర్చీలోకి వచ్చేవాణ్ణి కాఫీ డ్రమ్ము దగ్గర నుంచి నేను లాక్కొస్తాను. పరీక్ష కావాలో వద్దో పది నిమిషాలు మాట్లాడుకున్నాక వాళ్ళ డాక్టర్ దగ్గరే చేయించుకుంటారు. ఫారంలో "క్యాన్సర్ ఉందా, లేదా" అనే గడి తీసేసి మన భాషలో నాలుగు ప్రశ్నలు పెట్టండి. మీ నాన్నకో, పెదనాన్న బాబాయిలకో, మేనమామలకో ఎప్పుడైనా మూత్రం బంధించి పైపు వేశారా? గ్రంథి ఆపరేషన్ అనో, వరిబీజం ఆపరేషన్ అనో చేశారా? నడుం నొప్పితోనో తుంటి నొప్పితోనో మంచాన పడి పోయినవాళ్ళు ఉన్నారా? ఇంట్లో ఆడవాళ్ళకెవరికైనా చిన్నవయసులో రొమ్ము క్యాన్సర్, అండాశయ క్యాన్సర్ వచ్చాయా? ఈ ఆఖరిది మగవాళ్ళ ఫారంలో ఎందుకని అడుగుతారు. బీఆర్‌సీఏ2 అని ఒక జన్యువు ఉంది, అందులో లోపం ఉంటే ఆడవాళ్ళకి రొమ్ము క్యాన్సర్ రిస్కు పెరిగినట్టే మగవాళ్ళకి ప్రోస్టేట్ క్యాన్సర్ రిస్కూ పెరుగుతుంది. అమ్మ జబ్బు కొడుక్కి సంబంధించినదే, నాన్న జబ్బు కూతురికి సంబంధించినదే.

సమాధానాలు ఇక్కడ లేకపోతే ఇంటికి ఫోన్ చేయాలి. కాలింగ్ కార్డు కూడా అక్కర్లేదిప్పుడు. అమ్మని అడిగితే మొదట "ఏమోరా, ఆయనకేం లేదు" అంటుంది. బాబాయిని అడగండి, ఒట్టు వేయించుకున్న మనిషిని వెతకండి. ప్రతి ఇంట్లో ఒకరుంటారు.

ఇంతా చెప్పి, నేను చేసిన నిర్వాకం కూడా చెప్పాలి. బయాప్సీ అయిన రోజు సాయంత్రం అమ్మ వీడియో కాల్ చేసింది. దిండు మీద ఒక పక్కకి ఒరిగి కూర్చుని ఉన్నాను. "ఏంట్రా అలా కూర్చున్నావు?" అంది. "ఏం లేదమ్మా, నడుం పట్టేసింది" అన్నాను. ఆలోచించకుండానే వచ్చేసిందా మాట.

సంక్రాంతి నుంచి తిరిగొచ్చాక అమ్మకి చెప్పాను. మా అబ్బాయికి ఇరవై ఏడేళ్ళు, సియాటిల్లో ఉంటాడు, వాడికీ చెప్పాను. తాతయ్య సంగతి, నా సంగతి. "ఓకే నాన్నా, నలభైకా, నలభై అయిదుకా?" అన్నాడు, ఏదో కారు సర్వీసింగ్ తేదీ అడిగినట్టు. ఫోన్లో రాసుకున్న చప్పుడు కూడా వినిపించింది. తర్వాత ధైర్యం చేసి మా కజిన్స్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ముప్పై ఒక్క మంది. పెదనాన్నకి జరిగింది వరిబీజం ఆపరేషన్ కాదని, నాకూ ఉందని, నలభై దాటిన మగవాళ్ళు డాక్టర్‌తో మాట్లాడమని. అందరూ చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి. ఒక దండం బొమ్మ వచ్చింది. గంట తర్వాత ఎవరో శ్రీశైలం డ్యాం గేట్లు ఎత్తిన పాత వీడియో పెట్టారు, దాని కింద పదిహేను కామెంట్లు.

నాలుగో రోజు రాత్రి గుంటూరు నుంచి బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. వాడికి నలభై ఆరు. "అన్నయ్యా, ఏం లేదు, ఊరికే చేశా" అన్నాడు. అమరావతి ప్లాట్ల రేట్లు మాట్లాడాం. వాళ్ళ అమ్మాయి ఎంసెట్ కోచింగ్ మాట్లాడాం. ఇరవై నిమిషాలు దాటింది. ఇంక పెట్టేస్తా అంటూనే పెట్టలేదు.

"అన్నయ్యా, ఆ పీఎస్ఏ అంటే... రక్తమేగా? మామూలు రక్తమేగా తీసేది?"